పోలి చేతికి అందని శ్రీ

సంగమయ్య అయ్యోరని ఒకాయన ఉండేవాడు. వాగవతల పాతూళ్ళో వీధిబడి ఆయనది. జంగమాయన. మెడలో లింగకాయ, నొసట ఇబూది, పెళ్ళాం చచ్చిపోయి శానా ఏళ్ళయింది, పిల్లాజెల్లా లేరు. ఇల్లంటే ఏముండాదిలే, ఒక మట్టిల్లు, ముందర ఒక పంచ. ఆ పంచే బడి అనుకో. ఇరవై మంది దాకా పిలకాయలు ఆ పంచలో ఇసక పోసుకోని, ఇసకలో యేలు పెట్టి అక్షరాలు దిద్దేవాళ్ళంట. కాస్త ముదిరినోళ్ళకి పలక. అయ్యోరు మాటకి ఊరంతా భయపడేది. ఇది నేను చూసింది కాదు మే, మా అమ్మ చెప్పింది, మా అమ్మకి మా అమ్మమ్మ చెప్పింది. అబద్ధమైతే వాళ్ళదే గాని నాది కాదు. ఊఁ కొట్టండి. ఊఁ కొట్టకపోతే నాకు నోరు రాదు, ముందే చెప్తన్నా.

ఆ కాలం బళ్ళలో ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే అందరికన్నా ముందు ఎవురొస్తే వాళ్ళ అరిచేతిలో అయ్యోరు బెత్తం కొనతో శ్రీ అని రాస్తాడు. నొప్పుండదు, చక్కిలిగింత పెట్టినట్టు ఉంటదంట. రెండో వాడికి చుక్క పెడతాడు. మూడో వాడికి ఒక దెబ్బ. నాలుగో వాడికి రెండు. అట్టా పెరగతా పోతది, ఇరవయ్యో వాడికొచ్చేసరికి పద్దెనిమిది. లెక్క తప్పదు. వర్షమైనా, జొరమైనా, ఇంట్లో పెళ్ళైనా అంతే. అందుకని పిలకాయలు కోడి కూత వినీ వినకముందే మొకం గూడా కడుక్కోకుండా పరిగెత్తేవాళ్ళు. అయ్యోరు చెడ్డోడా అంటే కాదు. వాళ్ళ గురువు ఆయనకట్టా నేర్పాడు, ఈయన వీళ్ళకట్టా నేర్పాడు. బెత్తం దేవుడి మూల పెట్టుకునేవాడంట, లింగం పక్కన. రోజూ శ్రీ ఎవురికంటే కరణంగారి పిల్లోడు శేషాచలానికి. వాళ్ళిల్లు బడికి మూడో ఇల్లు, లేపను ఇద్దరు జీతగాళ్ళు. వాడు కళ్ళు నలుపుకుంటా నాలుగడుగులేస్తే శ్రీ. అదీ ఒక గొప్పే.

ఇంక మన పిల్ల సంగతికొస్తా. వాగుకి ఈ పక్క గొర్రెలోళ్ళ దొడ్లుండేయి, ఇప్పుడా రాళ్ళు గూడా లేవులే. అందులో మాలకొండయ్యని ఒకాయన, ఆయన పెళ్ళాం ఎంగమ్మ. వాళ్ళ పెద్దకూతురు పోలి. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. ఈ పిల్ల రోజూ పెరుగు కుండ నెత్తిన పెట్టుకోని వాగు దాటి కరణంగారింట్లో పోసొచ్చేది. పోసొచ్చేటప్పుడు బడి పంచ స్తంభం పట్టుకోని నిలబడేది. ఒకరోజు ఏమైందంటే, శేషాచలం ఎక్కం చెప్తా చెప్తా తొమ్మిదో ఎక్కం కాడ ఆగిపోయాడు. అయ్యోరు ఊఁ అంటన్నాడు, వీడు నీళ్ళు నములుతన్నాడు. స్తంభం కాణ్ణించి ఈ పిల్ల చెప్పేసిందంట, తొమ్మిదేళ్ళు అరవై మూడు అని. అయ్యోరు తలకాయ తిప్పి, ఎవురే నువ్వు అన్నాడు. ఈ పిల్ల కుండెత్తుకోని ఒకటే పరుగు.

సాయంత్రానికి ఆయనే వాగు దాటి దొడ్డి కాడికొచ్చాడంట, చూడు. అయ్యోరు మన గుమ్మంలోకొచ్చాడేందని మాలకొండయ్య గబగబా లేచి నిలబడ్డాడు. అయ్యా, పిల్ల ఏమన్నా తప్పు చేసిందా అన్నాడు. తప్పు కాదు, దాన్ని బడికి పంపించు అన్నాడు అయ్యోరు. ఆడపిల్ల, గొర్రెలోళ్ళ పిల్ల, దానికి చదువెందుకయ్యా అన్నాడీయన. అయ్యోరు అన్నాడంట, నేను ఇరవై ఏళ్ళుగా ఇసకలో అక్షరాలు పోస్తన్నా మాలకొండయ్యా, నిలబడి విన్నదానికే వచ్చేసిన పిల్లని ఇదే చూడ్డం, నాకేమీ ఇయ్యబాక, దాన్ని మాత్రం పంపు. మాలకొండయ్య పెళ్ళాం వైపు చూశాడు. ఎంగమ్మకి అప్పటికి చంకలో ఇంకో పిల్ల. ఆ చంకలో పిల్లే మా అమ్మ ఆదెమ్మ, ఎంగమ్మ మా అమ్మమ్మ. ఎంగమ్మ అంది, దొడ్డి పని చేసి పోతానంటే పోనీలెండి, ఎన్నాళ్ళులే దాని సరదా.

సరే, బళ్ళో చేరింది. ఏం లాభం. పొద్దున్నే లేచి గొర్రెపిల్లల్ని తల్లుల కాడ ఇడవాల, మళ్ళా పట్టి గంపల కింద మూయాల, దొడ్డి ఊడవాల, ఎరువు ఎత్తి పోయాల, పెరుగు కుండెత్తుకోవాల, అప్పుడు వాగు దాటాల. ఎంత ఉరికినా ఇరవై మందిలో ఇరవయ్యోది అదే. పద్దెనిమిది దెబ్బలు. రోజూ పద్దెనిమిది. కుడిచేతికి తొమ్మిది, ఎడంచేతికి తొమ్మిది. అయ్యో అనేది కాదంట. తలకాయ దించుకోని, దెబ్బలయిపోంగానే పోయి తన చోట్లో కూర్చోని, వాచిన యేలితోనే ఇసకలో రాసేది. నాలుగు నెలలకి శేషాచలం చదివేది ఇదీ చదివేసింది. దాని పలక చూసి అయ్యోరు ఒక్కోరోజు లోపలికి పోయేవాడంట, కళ్ళు తుడుచుకోను. ఇంత ప్రేముంటే కొట్టడమెందుకని మీరంటారు. నాకు తెలుసు, మొన్న ఈ చిన్నమ్మి గూడా అంది. ఒకసారి మెల్లగా కొట్టి చూశాడాయన. మా అమ్మమ్మ చెప్పేది, బెత్తం అట్టా తాకించి ఇట్టా తీశాడంట. పిలకాయల కళ్ళు ఊరుకుంటాయా. సందేళకల్లా ఊరంతా పాకింది, గొల్లపిల్లకి అయ్యోరు దెబ్బలెగ్గొడతన్నాడని. కరణంగారు పంచలోకొచ్చి నవ్వతానే అన్నాడంట, అయ్యోరూ, పద్ధతంటే అందరికీ ఒకటేగా, మా వాడికి ఒకటి, దానికి ఒకటీనా అని. ఈయనకి తలకాయ కొట్టేసినట్టయింది. మళ్ళా రోజు నుంచి లెక్క లెక్కే.

ఇట్టుండంగా ఎంగమ్మ ఒకరోజు కూతురు చేతులు చూసింది. రోజూ చూస్తానే ఉంది, ఆరోజు గట్టిగా చూసింది అనుకో. కంబళ్ళు నేసేవాళ్ళకి ఉన్ని వడికి ఇయ్యాల, కదురు తిప్పను పోలి యేళ్ళు మడవటంల్యా. దారం తెగిపోతన్నాది. ఎంగమ్మ కదురు లాగి అవతల పారేసి, చాల్లే నీ చదువు, చేతులు పోగొట్టుకోని ఏం చేస్తావు, రేపు ఒక్కరోజు పో, రేపు గూడా ఇట్టా వాపు చేతులతో వస్తే ఇంక ఆ వాగు దాటేది లేదు అంది. పోలి ఏడ్చిందంట అప్పుడు. దెబ్బలకి ఏడవని పిల్ల, దానికి ఏడ్చింది.

తెల్లారి బళ్ళో దెబ్బలు తిని కూర్చుంది గాని ఇసకలో యేలు పెట్టలా. అందరూ పోయినాక అయ్యోరు అడిగాడు, ఏమ్మా, రాయలేదే అని. అప్పుడు చెప్పింది, అయ్యా, ఇయాలే ఆఖరు, మా అమ్మ చేతులు చూస్తది, ఇంక పంపదు అని. అయ్యోరు ఆ పిల్ల రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకోని చూశాడు. బెత్తం పక్కన పెట్టి ఆ పిల్లకి వాపు లేకుండా ఎట్టా చదువు చెప్పాలో ఆయనకి తోచలా. పద్ధతి మానేస్తే పోయేది, ఆ ముక్క ఆయనకి తట్టలా మే. ఇరవై ఏళ్ళు ఒకే గాటికి కట్టేసిన ఎద్దు, తాడు ఊడదీసినా ఆడే తిరగతది, అట్టా అయిపోయాడు. ఆ పద్ధతి లోపల్నే దోవ ఎతికాడు. ఎతికి ఏమన్నాడంటే, చూడు పోలీ, ఈ ఒక్కరాత్రికి మీ అమ్మకి ఏదో ఒకటి చెప్పుకో. రేపు కోడి కుయ్యకముందే వచ్చేయ్. దొడ్డిపని తర్వాత చూసుకోవచ్చు. నేను లేచి దీపం పెట్టుకోని కూర్చోనుంటా, ఎవురికీ చెప్పబాక. రేపు శ్రీ నీ చేతిలోనే పెడతా. దెబ్బ పడని చేతులు చూపిస్తే మీ అమ్మ ఇంకేమంటది.

అంతే. ఆయన చేసిన తప్పు అంతే. ఎంత ప్రేమగా చెప్పాడో చూడు.

ఆ పిల్ల మొకం ఎట్టా వెలిగిందో చెప్పలేననేవాడంట ఆయన, తర్వాత ఎప్పుడడిగినా. మామూలుగా వాగు దాటేటప్పుడు నడుం దాకా నీళ్ళు గూడా ఉండవు, మోకాలి లోతు. ఇసక తేలి ఉంటది. కానీ మన వాగు సంగతి మీకు తెలవంది కాదు. ఈడ చుక్క పడకపోయినా పైన కొండల్లో వానపడితే చాలు, ఉన్నట్టుండి వచ్చి మీద పడతది.

తెల్లవారుజామున అయ్యోరు లేచి, తానం చేసి, ఇబూది పెట్టుకోని, పంచలో దీపం పెట్టుకోని కూర్చున్నాడు. బెత్తం ఒళ్ళో ఉంది. వాగు మోత వినపడిందంట ఆయనకి. వినపడింది, అదే చెప్తన్నా. నీళ్ళు చూస్తే పిల్ల ఆగిపోతదిలే, తెలివిగల పిల్ల, ఎనక్కి పోతది అనుకున్నాడు. కోడి కూసింది. తెల్లారింది. శేషాచలం కళ్ళు నలుపుకుంటా వచ్చి చెయ్యి చాపాడు. అయ్యోరు బెత్తం ఎత్తలా. ఆగరా, పోలి రావాల అన్నాడు. ఆ పిల్లోడికి ఏమీ అర్థం కాలా, చెయ్యి అట్టనే చాపుకోని నిలబడ్డాడు. రెండో వాడొచ్చాడు, మూడో వాడొచ్చాడు. ఎవురికీ శ్రీ లేదు, చుక్క లేదు, దెబ్బ లేదు. పందొమ్మిది మంది చేతులు చాపుకోని నిలబడి ఉండారు. అయ్యోరు వీధి వైపే చూస్తన్నాడు. అప్పుడు చాకలి నరసయ్య పరిగెత్తుకుంటా వచ్చి, అయ్యోరూ, మీ బడిపిల్ల, తుంగలో తట్టుకోని ఉంది, పలక వీపున కట్టుకోని ఉంది అన్నాడు.

కొంతమంది కత కడతారు, అయ్యోరు పోయి చచ్చిపోయిన పిల్ల అరిచేతిలో శ్రీ రాశాడని. అబద్ధం. మా అమ్మమ్మ ఆడనే ఉంది. ఆయన ఆ చెయ్యి ముట్టుకోను గూడా లేకపోయాడు. దూరంగా వాగు గట్టున ఇసకలో చతికిలబడి, పద్దెనిమిది, పద్దెనిమిది అంటా ఉన్నాడంట. జనం అనుకున్నారు పాపం మతి చెడిందేమోనని. ఎవురూ ఆయన్నొక మాటన్లా. వాగు తీసకపోయింది, నీ తప్పేముండాది అయ్యోరూ, ఎంత బాధ పడతన్నావో అని ఓదార్చారు. కరణంగారు గూడా వచ్చి భుజం తట్టి పోయాడు. ఆ మంచి మాటలే ఆయన్ని ఎక్కువ కాల్చాయి. బడి మూసేశాడు. అన్నం మానేశాడు. ఆయనొక్కడికే తెలుసు ఆ పిల్ల చీకట్లో ఎందుకు బయల్దేరిందో.

దినవారాలయినాక లేచి, ఇంక మొయ్యలేక, వాగు దాటి దొడ్డి కాడికి పోయాడు. మాలకొండయ్య గొర్రెలు తోలకుండా గుమ్మంలో కూర్చోనున్నాడు. ఎంగమ్మ మా అమ్మకి పాలిస్తా గోడకి ఆనుకోని ఉంది. అయ్యోరు లోపలికి రాలా, ఎండలోనే నిలబడ్డాడు. నిలబడి అన్నాడు, మాలకొండయ్యా, నీ బిడ్డని వాగు తీసకపోలా. నేను రమ్మన్నా. కోడి కుయ్యకముందే రా, శ్రీ పెడతా అన్నా. ఎవురికీ చెప్పబాకన్నా. నేనే చంపా. నీ ఇష్టమొచ్చింది చెయ్యి నన్ను అని తలకాయ వంచాడు. మాలకొండయ్య చేతిలో కర్ర ఉంది. లేచాడు గూడా. అప్పుడు ఎంగమ్మ అంది. ఏమందనుకుంటారు?

నాకు చెప్పింది అయ్యా అంది. ఎవురికీ చెప్పబాకమన్నావంట, నాకు మాత్రం చెప్పింది. అమ్మా, రేపు నా చేతిలో శ్రీ పెడతాడంట, నన్ను లేపు అంది. నిద్రపట్టక నాలుగుసార్లు లేచి కూర్చుంది. నేనే లేపా. జుట్టు నేనే ముడేశా. గుక్కెడు మజ్జిగ తాగించి, పలక నేనే వీపున కట్టా, చేతులు ఖాళీగా ఉంటయ్‌లే అని. చదువు మాన్పిస్తానన్న నోటితోనే పోయిరామ్మా అన్నా. వాళ్ళ నాయనకి చెప్తే ఒద్దంటాడని చెప్పలా. ఈ పదిరోజులూ నా మొగుడి మొకం చూళ్ళేక చస్తన్నా అయ్యా, నువ్వొచ్చి నేనే చంపా అంటన్నావు.

ఇప్పుడు ఆ మాలకొండయ్యని చూడండి. ఒకే గడియలో రెండు మాటలు వినపడ్డాయి ఆయనకి. కర్ర కింద పెట్టాడు. మళ్ళా గుమ్మంలో కూర్చున్నాడు. నువ్వు పిలిచావు, ఇది లేపింది, నేనొక్కణ్ణి నిద్రపోయా అన్నాడంట. అయ్యోరు ఆ ఎండలోనే ఎనక్కి పోయాడు.

ఇంటికి పోయి ఆ బెత్తాన్ని దేవుడి మూల నుంచి తీసి పొయ్యిలో పెట్టి గంజి కాచుకున్నాడు. పదకొండు రోజుల తర్వాత ఆయన నోట్లో పడింది ఆ గంజే. మళ్ళా నెలకి బడి తెరిచాడు గాని, ఎండ పంచలోకి రావాల, అప్పుడే బడి. దానికన్నా ముందొచ్చిన పిలకాయల్ని ఇంటికి పంపించేసేవాడు. శ్రీ లేదు, చుక్క లేదు, దెబ్బ లేదు. చుట్టుపక్కల ఊళ్ళోళ్ళు ఎండెక్కిన బడి అని ఎక్కిరించేవాళ్ళు. కరణంగారు, కొట్టని బళ్ళో మావాడికి చదువెట్టా వస్తదని కొడుకుని ఇంకో ఊరు పంపాడు. ఇంకొంతమంది మానేశారు. ఎనిమిది మంది మిగిలారు. అయ్యోరు ఆ ఎనిమిది మందికే చెప్పుకున్నాడు. వాగొస్తే మాత్రం ఆ ఎనిమిది మందిలో ఎవురి ఇల్లు ఏ పక్కున్నా, ముందు తనే గట్టు కాడికి పోయి నీళ్ళు చూసొచ్చేవాడు.

ఆరేళ్ళు పోయినాయి. ఒకరోజు బాగా ఎండెక్కినాక మాలకొండయ్య భుజాన పిల్లనెక్కించుకోని బడి పంచ ముందరకొచ్చి నిలబడ్డాడు. ఆ ఆరేళ్ళలో అయ్యోరితో ఒక్క మాట మాట్లాళ్ళేదు ఆయన. భుజం మీద పిల్ల మా అమ్మ. దించి, దీని పేరు ఆదెమ్మ, వాళ్ళమ్మ పంపమంది అన్నాడు. దీన్ని నేనే తెస్తా, నేనే తీసకపోతా. తొందరగా రమ్మని మాత్రం చెప్పబాకయ్యా అన్నాడు. అయ్యోరు కళ్ళు తుడుచుకుంటా తలకాయ ఊపాడు. మా అమ్మకి అదే మొదటి గుర్తు, అయ్యోరు ఏడవటం. అయ్యోర్లు గూడా ఏడుస్తారా అనుకుందంట ఆ పిల్ల.

ఎట్టా పంపారు మళ్ళా అని అడగతన్నావా మే? నన్నడిగితే నాకేం తెలుసు. నేనైతే పంపేదాన్ని కాదు. మా అమ్మమ్మని అడిగితే, పోలికోసం ఆయనట్టా ఏడిచేవాడు ఇంకెవురుండారు, ఆయన కాడ గాకపోతే ఇంకెవురి కాడ ఒదిలిపెడతాం నా బిడ్డని అనేది.

మా అమ్మ చదువుకుంది. ఆ దొడ్ల కాడ ఉత్తరం వస్తే చదివిపెట్టేది మా అమ్మే. పెళ్ళయినా ఈ ఊళ్ళోనే ఉంది. అయ్యోరు ముసలోడయి మంచాన పడితే గంజి తీసకపోయి తాగించేది గూడా మా అమ్మే, ఆయనకింకెవురుండారు. ఆఖర్న ఒక జొరం పట్టుకుంది. కళ్ళు తెరిచి మా అమ్మ వైపు చూస్తాడు గాని ఎవురో గుర్తుపట్టడు. ఒకరోజు మజ్జాన్నం ఉన్నట్టుండి చెయ్యి ఊపతా, పోలీ, రాబాకమ్మా, నీళ్ళొచ్చినయ్, రాబాక, గట్టునే ఉండు అని అరిచాడంట. మా అమ్మ చేతిలో గిన్నె కింద పెట్టి, మంచం కాడ కూర్చోని, ఆయన చెయ్యి పట్టుకోని, రాన్లే అయ్యా, ఇంటికాణ్ణే ఉండా అంది. మళ్ళా అడిగాడు, తడవలేదు గదా అని. తడవలా అయ్యా, దొడ్డి ఊడుస్తన్నా అంది. ఆయన మొకంలో ఏదో దిగిపోయినట్టయి నిద్రపోయాడు. సందేళకి ప్రాణం పోయింది.

ఆయన మంచోడా చెడ్డోడా తేల్చమంటే నా వల్ల కాదు. మా అమ్మ గూడా తేల్చలా, ఆయన పేరెత్తితే కొంగు మొకానికి అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు మా మనవడి బళ్ళో పదిమంది అయ్యోర్లుండారు, పంకాలుండాయి, బల్లలుండాయి. ఎవురూ కొట్టరు, మంచిదే. మొన్న వాడికి నాలుగురోజులు జొరమొచ్చి పోలా. తగ్గినాక బడికి పోయొచ్చిన రోజు అడిగా, ఏరా, ఎందుకు రాలేదని అడిగారా మీ అయ్యోర్లు అని. లేదు అవ్వా, నేను రాలేదని వాళ్ళకి తెలవదు అన్నాడు.